లెన్స్ ఫ్లేర్ ఉంచాలా, తీసెయ్యాలా? బీచ్ ప్రీవెడ్డింగ్, రిసెప్షన్ ఫొటోలు

#1 తూర్పుగట్టు

అందరికీ నమస్కారం. ఒక ఆల్బమ్ ఎడిటింగ్‌లో మూడు ఫ్రేముల దగ్గర పని ఆగింది. ఫ్లేర్ (ఎదురు వెలుగు లెన్సులో చెదిరి ఫొటో మీద పడే పొగ, మచ్చలు) ఉంచాలో తీసెయ్యాలో తేలడం లేదు.

మొదటిది రుషికొండ బీచ్, పొద్దు పొడిచిన అరగంటకు తీసింది. సూర్యుడు ఎడమ పైమూలలో ఉన్నాడు, జంట వెలుగుకి వీపు పెట్టి నిలబడ్డారు. ఫ్రేమంతా నారింజరంగు పొగ కమ్మినట్టుంది. అబ్బాయి నల్ల షేర్వాణీ బూడిదరంగుకి తిరిగింది.

రెండోది అక్కడే క్లోజప్. అమ్మాయి చెంప మీద రూపాయి బిళ్లంత ఆకుపచ్చ మచ్చ, ఇసుక మీద ఇంకో రెండు ఊదా మచ్చలు.

మూడోది రాత్రి రిసెప్షన్. స్టేజి పైన వరసగా ఎల్‌ఈడీ లైట్లు. కింద మొదటి వరసలో కూర్చున్న పెద్దవాళ్ల ముఖాల మీద నీలం, ఆకుపచ్చ చుక్కలు.

24-70 ఎఫ్/2.8 లెన్స్. మొదటి ఫ్రేము 35 మి.మీ., ఎఫ్/4, 1/500, ఐఎస్ఓ 100. క్లోజప్ 70 మి.మీ. హుడ్ (లెన్సు ముందు తొడిగే నీడ గొట్టం) ఉంది, యూవీ ఫిల్టర్ (లెన్సు ముందు బిగించే చదును గాజు) కూడా ఉంది. రా ఫైళ్లు (కెమెరా కుదించకుండా దాచిన అసలు ఫైళ్లు) ఉన్నాయి. ఆల్బమ్ 12×36 షీట్లు, మ్యాట్ పేపరు. పెళ్లివారు మొదటిది చూసి "వెలుగు భలే ఉంది" అన్నారు, రెండోది చూసి "ఈ మచ్చేంటి" అన్నారు.

#2 గాజుకన్ను

పెళ్లివారే సగం తేల్చేశారు. మిగతా సగం మనం చూద్దాం.

మూడింటినీ ఫ్లేర్ అని ఒకే పేరుతో పిలుస్తున్నంతసేపూ ఇది తేలదు. మీ మొదటి ఫ్రేములో ఉన్నది వీలింగ్ గ్లేర్. వెలుగు లెన్సు లోపలి గాజుల మీదా, గొట్టం గోడల మీదా, దుమ్ము మీదా చెల్లాచెదురై సెన్సర్ అంతటా పలచగా పరుచుకుంటుంది. రెండోది ఘోస్ట్. రెండు గాజు ఉపరితలాల మధ్య వెలుగు రెండుసార్లు ఎగిరి ఒకచోట మచ్చగా పడుతుంది. మూడోది మీ ఫిల్టర్ పని అని నా అనుమానం. దేనికి దానికి వేరే తీర్పు ఇవ్వాలి, ఒక్క ఫొటోలో మూడూ కలిసి ఉన్నా సరే.

ఘోస్ట్‌లు ఇన్ని ఎందుకొస్తాయంటే, పూత లేని గాజు తన మీద పడ్డ వెలుగులో సుమారు 4 శాతం వెనక్కి కొడుతుంది. లెన్సుల కంపెనీ జైస్‌లో అలెగ్జాండర్ స్మకులా 1935లో ఆ వెలుగుని తగ్గించే పూతకి పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి ఈ అంకె తగ్గుతూ వచ్చింది. మంచి మల్టీకోటింగ్ ఉంటే ఇప్పుడు అర శాతం కన్నా తక్కువే. కానీ జూమ్ లెన్సులో గాజులు ఎక్కువ. గాలి తగిలే ఉపరితలాలు 24 ఉన్నాయనుకోండి, రెండేసి చొప్పున జతలు 276 అవుతాయి. ప్రతి జతా ఒక ఘోస్ట్ వెయ్యగలదు. చాలావరకు కంటికి ఆననంత పలచగా పోతాయి. సూర్యుడంతటి వెలుగు ఎదురైతే నాలుగైదు బయటపడతాయి.

మీ ఆకుపచ్చ మచ్చ ఘోస్టేనా అని రూఢి చేసుకోవాలంటే క్రాప్ మొత్తం తీసెయ్యండి. సూర్యుడి నుంచి ఫ్రేము నడిమధ్యకి ఒక గీత గీసి అవతలి అంచుదాకా పొడిగించండి. మచ్చలన్నీ ఆ గీత మీదో, దానికి బాగా దగ్గర్లోనో పడితే ఘోస్టే. క్రాప్ చేసిన ఫొటోలో నడిమధ్య మారిపోతుంది, అప్పుడీ పరీక్ష పనికిరాదు.

#3 నీడపట్టు

తూర్పుగట్టు అన్నా, గా యూవీ ఫిల్టర్ తీసి పక్కకు పెట్టు మొదలు. రాత్రి లైట్ల కింద అది పెట్టుకొని తీస్తే గిట్లనే ఉంటది.

లైటు సెన్సర్ మీద పడ్తది. సెన్సర్ అద్దం లెక్క మెరుస్తది కదా, కొంత వెలుగు లెన్సు గుండా ఎన్కకు పోయి ఫిల్టర్ చదును గాజుకు తాకి మళ్ల లోపలికొస్తది. అందుకే లైట్లు తలకిందులై, ఎడమది కుడికి, పైది కిందికి పడ్తయి. స్టేజి లైట్లు పైన ఉన్నయి కాబట్టి చుక్కలు కింద కూసున్నోళ్ల ముఖాల మీద పడ్డయి. కార్తీక దీపాల ఫొటోలల్ల నల్లటి నీళ్ల మీద దీపాలు మళ్ల ఒకసారి గాలిల తేలినట్టు కనబడేది గిదే.

గుర్తుపట్టుడు అల్కగ ఉంటది. ఫొటోషాప్‌ల లేయర్ డూప్లికేట్ చేసి ఎడిట్, ట్రాన్స్‌ఫామ్, రొటేట్ 180 కొట్టు. ఆ లేయర్ ఒపాసిటీ 50 పెట్టు. చుక్కలు పోయి సరిగ్గ లైట్ల మీద కూసుంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఇది కూడ క్రాప్ చెయ్యని ఫైలు మీదనే చెయ్యాలె.

#4 తూర్పుగట్టు

నీడపట్టు గారూ, చేసి చూశాను. పదకొండు చుక్కల్లో పదకొండూ లైట్ల మీద కూర్చున్నాయి. గీత పరీక్ష కూడా సరిపోయింది. చెంప మీది మచ్చ, ఇసుక మీది రెండూ ఒకే వరసలో ఉన్నాయి.

ఇక మొదటి ఫ్రేము గురించి చెప్పండి. నాకైతే ఆ పొగ తీసెయ్యాలని లేదు, షేర్వాణీ మాత్రం అలా ఉంచలేను.

#5 పొద్దుపొడుపు

అయితే షేర్వాణీ ఒక్కటే బాగుచెయ్యండి. పొగ ఉండనివ్వండి.

వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో ఆ ఫొటోలో కనబడుతోంది, సూర్యుడు ఫ్రేములోనే ఉన్నాడు. జుట్టు అంచులు, భుజాల అంచులు బంగారురంగులో మెరుస్తున్నాయి. ఆ మెరుపుకీ పొగకీ మూలం ఒకటే. పొగ పూర్తిగా తీసేస్తే మెరుపు మిగిలి, దాని కారణం మాయమవుతుంది. చూసేవాళ్లకి ఎక్కడ తేడా కొట్టిందో చెప్పడం రాదు గానీ తేడా మాత్రం తెలిసిపోతుంది.

లైట్‌రూమ్‌లో గానీ కెమెరా రాలో గానీ ఇలా చెయ్యండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెట్టొద్దు, అది నారింజని చంపేస్తుంది. ఫ్రేమంతటికీ డీహేజ్ (పొగ తగ్గించే స్లైడర్) 8కి మించొద్దు. 20 దాటితే సూర్యుడి చుట్టూ వలయాలు మెట్లుమెట్లుగా కనబడతాయి, చర్మం ఇటుకరంగుకి తిరుగుతుంది. తర్వాత సెలెక్ట్ సబ్జెక్ట్ మాస్క్ (మనుషుల మీద మాత్రమే మార్పు పడేలా చేసేది) వేసి అందులో డీహేజ్ +15, బ్లాక్స్ −20. ఇక్కడే చాలామంది ఆపేస్తారు, అందుకే తేడా వస్తుంది. మాస్క్ జుట్టు అంచుదాకా పోతుంది కాబట్టి ఆ బంగారు గీత చుట్టూ నల్ల చార పడుతుంది. సబ్‌ట్రాక్ట్ బ్రష్, ఫెదర్ (అంచు మెత్తదనం) 100, ఫ్లో 30 పెట్టుకుని సూర్యుడి వైపున్న జుట్టు అంచు, భుజం అంచు చెరిపెయ్యండి. ఎడమ పైమూలని అసలు ముట్టుకోవద్దు.

షేర్వాణీ మడతల్లో బాగా నల్లగా ఉన్నచోట ఇన్ఫో ప్యానెల్లో అంకె (0 అంటే నలుపు, 255 అంటే తెలుపు) చూడండి. ఇప్పుడు 60 చుట్టుపక్కల ఉండి ఉంటుంది. 25-30కి వస్తే చాలు. సున్నాకి దించితే మనుషుల్ని కత్తిరించి అతికించినట్టుంటుంది, వెనక సముద్రం పొగలో ఉంది కదా.

#6 అచ్చుపని

25-30 స్క్రీన్ మీద చూసుకోవడానికి బాగుంటుంది. ఆయన అచ్చు వేయిస్తున్నది మ్యాట్ పేపరు మీద. మ్యాట్ మీద నలుపు గ్లాసీ అంత దిగదు. స్క్రీన్ మీద పలచని పొగగా కనబడింది కాగితం మీద వెలిసిపోయినట్టు వస్తుంది. నన్నడిగితే 18-22కి దించాలి.

ఇంకో సంగతి. 12×36 షీటు అంటే మధ్యలో మడత. సూర్యుడు ఎడమ మూలలో, జంట కుడి సగంలో ఉంటే ఎడమ పేజీ మొత్తం పొగే. ఆ ఫ్రేముని రెండు పేజీలకి పరిస్తే పొగ బలం రెట్టింపు అయినట్టు కనబడుతుంది. ఒక్క పేజీకి కుదించి పెట్టడం మంచిది.

#7 పొద్దుపొడుపు

మ్యాట్ అన్న మాట నేను లెక్కలోకి తీసుకోలేదు, అచ్చుపని గారు చెప్పింది సరైనదే. అయితే 18కి దించేముందు ముక్క అచ్చు వేయించండి. షేర్వాణీ, చెయ్యి, కొంచెం సముద్రం పడేలా ఒక పట్టీ కోసుకుని, 20, 25, 30 మూడూ పక్కపక్కన ఒకే 8×12 షీటు మీద పెట్టండి. ఆల్బమ్ వేసే ల్యాబులోనే, ఆ పేపరు మీదే వేయించాలి. పగటి వెలుగులో కిటికీ దగ్గర చూసి ఎంచుకోండి.

#8 గాజుకన్ను

ఇప్పుడు చెంప. దీన్ని ఉంచాలా వద్దా అన్న చర్చే అక్కర్లేదు. ముఖం మీద పడ్డ ఘోస్ట్ పోవాల్సిందే. ముఖం చూసేటప్పుడు కన్ను మొదట రంగు తేడానే పట్టుకుంటుంది, అందులోనూ చర్మం మీద ఆకుపచ్చ జబ్బులా కనబడుతుంది.

అసలు చిక్కు తీసే పద్ధతిలో ఉంది. హీలింగ్ బ్రష్‌తో రుద్దేస్తే రంగు పోతుంది, దాంతోపాటు చెంప కూడా పోతుంది. రంధ్రాలు, నూగు, దవడ దగ్గర వెలుగు నుంచి నీడలోకి జారే ఆ వంపు అన్నీ చెరిగిపోయి మైనం పూసినట్టవుతుంది. 12 అంగుళాల పేజీలో అది దాగదు.

ఘోస్ట్ అంటే ఉన్న చర్మం మీద అదనంగా పడ్డ వెలుగు. కింద చర్మం చెక్కుచెదరకుండా ఉంది. కాబట్టి అదనంగా పడిందాన్ని తీసివెయ్యాలి, అంతేగానీ కొత్త చర్మం అతికించకూడదు.

16 బిట్‌లో తెరవండి. కలర్ శాంప్లర్‌తో రెండు పాయింట్లు పెట్టండి. ఒకటి మచ్చలో, రెండోది మచ్చ పక్కనే అంతే వెలుగు పడుతున్న మంచి చర్మం మీద. శాంపుల్ సైజు 11×11 పెట్టుకోండి, ఒక్క పిక్సెల్ని నమ్మొద్దు. ఉదాహరణకి మంచి చర్మం 188, 142, 118 ఉండి, మచ్చ 196, 171, 131 ఉందనుకోండి. ఎరుపు 8, ఆకుపచ్చ 29, నీలం 13 అదనంగా పడ్డాయన్నమాట.

కర్వ్స్ లేయర్ (వెలుగు, రంగుల అంకెల్ని మార్చేది) వేసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కో చానల్‌కీ ఒక్కో పాయింటు పెట్టండి. రెడ్‌లో ఇన్‌పుట్ 196, అవుట్‌పుట్ 188. గ్రీన్‌లో 171కి 142. బ్లూలో 131కి 118. గ్రీన్‌లో ఎడమ కింది కొనని కూడా 15-20 వరకు కుడికి జరపండి. అదనపు వెలుగు వల్ల ఆ మచ్చలో కాంట్రాస్ట్ పడిపోయి ఉంటుంది, కొన జరిపితే తిరిగొస్తుంది. తర్వాత మాస్క్‌ని కంట్రోల్ ఐ కొట్టి నల్లగా చేసి, మచ్చ ఆకారం వరకే తెల్లగా తెరవండి.

మాస్క్ అంచే ప్రాణం. ఎఫ్/4లో ఘోస్ట్ అంచు కాస్త మెత్తగా ఉంటుంది, ఎఫ్/16లో తీస్తే కత్తితో కోసినట్టుంటుంది. 100 శాతం జూమ్ చేసి అంచు ఎన్ని పిక్సెళ్లలో కరిగిపోతోందో లెక్కపెట్టి ఫెదర్ దానికి సరిపడా ఇవ్వండి. 8 పిక్సెళ్లకి 40 ఇస్తే లోపల బాగుపడి, బయట గులాబీరంగు వలయం వస్తుంది. ఇవ్వాల్సినదానికన్నా తక్కువిస్తే పచ్చ గీత మిగులుతుంది.

చివర్లో చాలా ఘోస్ట్‌లకి అంచు చుట్టూ సన్నటి మెరిసే గీత ఉంటుంది. ఖాళీ లేయర్ మీద క్లోన్ స్టాంప్, మోడ్ డార్కెన్, ఒపాసిటీ 15-20, బ్రష్ 12 పిక్సెళ్లు పెట్టి దాని వెంబడే నడపండి. హీలింగ్ వాడాల్సింది ఏదైనా ఉంటే ఆ గీతకి మాత్రమే.

మచ్చలో ఏదైనా చానల్ 255 తాకితే మాత్రం కింద చర్మం సమాచారం లేదు, ఈ దారి పనిచెయ్యదు. అప్పుడు అదే బర్స్ట్‌లో (చకచకా వరసగా తీసినవాటిలో) పక్క ఫ్రేము వెతకండి. కెమెరా రెండు మూడు డిగ్రీలు తిరిగినా ఘోస్ట్ చెంప దాటి ఎటో పోయి ఉంటుంది. ఆ ఫ్రేము నుంచి చెంప తెచ్చి ఆటో అలైన్ చేసి మాస్క్‌తో కలపొచ్చు.

#9 సెల్‌ఫొటో

ఇక్కడ అందరూ పెద్ద కెమెరాల గురించి చెబుతున్నారు. ఫోన్‌తో తీసినవాటి సంగతి? రాత్రి గుడి గోపురం లైట్లు తీస్తే ఆకాశంలో తలకిందులుగా పచ్చ గోపురం ఇంకోటి వస్తోంది. ఫోన్‌కి ఫిల్టర్ లేదు కదా.

#10 నీడపట్టు

ఫోన్‌కు కెమెరా మీద చదును కవర్ గాజు ఉంటది, లోపట సెన్సర్ మీద ఇంకో సన్నటి ఫిల్టర్ ఉంటది. కథ అదే. మీద కెమెరా ప్రొటెక్టర్ అని ఇంకో గాజు అతికిస్తే మరింత ఎక్కువైతది, అది పీకెయ్యాలె.

తీసేటప్పుడే తప్పించొచ్చు. గోపురాన్ని ఫ్రేము నడిమధ్యల పెడితే దాని ఘోస్ట్ చానవరకు దాని మీదనే పడి కనబడది. ఫొటో తీసినంక కావాల్సినట్టు క్రాప్ చేసుకో. ఇంకోటి, వేలు తగిలి లెన్సు మీద జిడ్డు గీత పడితే దానికి అడ్డంగ లైట్ల నుంచి పొడుగు చారలు లేస్తయి. చారలు ఎటు పోతున్నయో చూస్తే వేలు ఎటు రుద్దిందో తెలుస్తది. మెత్తటి నూలుగుడ్డతో తుడిస్తే పోతది, యాప్‌లు అక్కర్లేదు.

నల్లటి ఆకాశంల పడ్డ చుక్క అయితే స్నాప్‌సీడ్ హీలింగ్ సాలు. వేళ్లతో బాగ జూమ్ చేసి చుక్క కన్న కొంచెమే పెద్దగ తాకాలె. గోపురం శిల్పాల మీద పడ్డదైతే హీలింగ్ ముట్టకు, సెలెక్టివ్ టూల్‌తోటి ఆ చుక్క మీద సాచురేషన్ తగ్గించు, బ్రైట్‌నెస్ కొంచెం దించు. శిల్పం ఉంటది, పచ్చ పోతది.

#11 ట్రైపాడ్‌మూడుకాళ్లు

కోటల దగ్గర, గుళ్ల దగ్గర సూర్యుణ్ని ఫ్రేములో పెట్టి తీసేవాళ్లకి వేలు పద్ధతి చెబుతాను. మనుషులు కదిలే ఫొటోలకి ఇది పనికిరాదు.

ట్రైపాడ్ మీద కెమెరా, మాన్యువల్ ఎక్స్‌పోజర్, మాన్యువల్ ఫోకస్, వైట్ బ్యాలెన్స్ ఒక అంకెకి కట్టెయ్యాలి. ఎఫ్/16. రెండు సెకన్ల టైమర్. మొదటి ఫ్రేము మామూలుగా. రెండో ఫ్రేముకి చెయ్యి లెన్సు ముందు ఒకటి రెండు అడుగుల దూరంలో చాపి బొటనవేలి నీడ ముందు గాజు మీద పడేలా సూర్యుణ్ని కప్పాలి. లైవ్ వ్యూలో చూస్తుంటే ఘోస్ట్‌లన్నీ ఒక్కసారిగా ఆరిపోయినట్టు పోతాయి, అదే గుర్తు. సెట్టింగ్ ఏదీ మార్చకుండా నొక్కాలి.

రెండూ ఫొటోషాప్‌లో ఫైల్, స్క్రిప్ట్స్, లోడ్ ఫైల్స్ ఇంటు స్టాక్ ద్వారా తెచ్చి, వేలున్న ఫ్రేముని పైన పెట్టి, నల్ల మాస్క్ వేసి, ఘోస్ట్‌లున్న చోట్ల మెత్తటి తెల్ల బ్రష్‌తో తెరవాలి. వేలు, దాని చుట్టూ ఉన్న ఆకాశం వాడం. రెండో ఫ్రేములో పొగ కూడా తగ్గి నలుపులు చిక్కగా ఉంటాయి కాబట్టి తెరిచినచోట కాస్త నల్లగా కనబడుతుంది. ఆ లేయర్‌కి మాత్రమే కర్వ్స్ క్లిప్ చేసి కింది కొనని కొద్దిగా పైకెత్తితే కలిసిపోతుంది. మబ్బులు, అలలు, చెట్ల ఆకులు కదిలే చోట్ల రెండు ఫ్రేములూ కలవవు, అక్కడ గాజుకన్ను గారి కర్వ్సే దిక్కు.

ఎఫ్/16లో సూర్యుడి చుట్టూ వచ్చే కిరణాల నక్షత్రాన్ని ఫ్లేర్ అనుకుని తీసేవాళ్లని చూశాను. దయచేసి తీయకండి. అది గాజుల మధ్య ఎగిరిన వెలుగు కాదు, అపర్చర్ బ్లేడ్ల (లెన్సు రంధ్రాన్ని చిన్నదీ పెద్దదీ చేసే రేకుల) అంచుల దగ్గర డిఫ్రాక్షన్ (వెలుగు వంగి పరుచుకోవడం) వల్ల వచ్చేది. బ్లేడ్లు 8 ఉంటే కిరణాలు 8, 9 ఉంటే 18, 7 ఉంటే 14. లెన్సు చేతివ్రాత లాంటిది అది.

#12 తూర్పుగట్టు

ఒక సందేహం. హుడ్ పెట్టినా పొగ ఎందుకు వచ్చింది?

#13 గాజుకన్ను

సూర్యుడు ఫ్రేములోనే ఉన్నాడు కదండీ. ఫ్రేము బయటున్న వెలుగుని మాత్రమే హుడ్ ఆపుతుంది. పైగా చాలా జూముల హుడ్ వెడల్పు వైపు, అంటే 24 మి.మీ.కి అడ్డు రాకుండా కోస్తారు. 70 దగ్గర అది పొట్టిదే. సూర్యుడు ఫ్రేముకి ఆనుకుని బయట ఉంటే హుడ్‌తో పాటు ఒక అట్టముక్కో, అసిస్టెంట్ చెయ్యో పైన అడ్డం పెట్టించండి.

పొగ మీరు అనుకున్నదానికన్నా ఎక్కువగా వస్తోందంటే లెన్సు లోపల చూడాలి. రెండు మూతలూ తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనకవైపు నుంచి టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు లాంటి తీగలు కనబడితే ఫంగస్, పాలు చల్లినట్టు సమంగా ఉంటే హేజ్. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ల తేమలో ఇది మామూలే. డ్రై క్యాబినెట్‌లో 40-50 శాతం తేమ దగ్గర ఉంచితే కొత్తది పట్టదు. పట్టింది మాత్రం సర్వీసులో విప్పి తుడవాల్సిందే.

#14 రంగులరాట్నం

ఇంత శ్రమ దేనికి? ఏఐ రిమూవ్ టూల్‌తో చెంప మీద ఒక గీత గీస్తే ఐదు సెకన్లలో పోతుంది.

#15 పొద్దుపొడుపు

పోతుంది. దాంతోపాటు ఏం వచ్చిందో చూసుకోవాలి.

మచ్చ ఖాళీ ఆకాశంలోనో, ఇసుకలోనో ఉంటే నేనూ అదే వాడమంటాను. ముఖం మీద, నగల మీద వద్దు. ఆ టూల్ అక్కడున్నది బాగుచెయ్యదు, ఉండొచ్చనుకున్నది కొత్తగా గీస్తుంది. ముక్కుపుడకలో ఏడు రాళ్లుంటే ఐదు వేస్తుంది. చెంపస్వరాల గొలుసు కొక్కెం చెవి దగ్గర గాలిలో ఆగిపోతుంది. చెంప మీద చిన్న పుట్టుమచ్చ ఉంటే తుడిచేస్తుంది. పెళ్లికూతురి తల్లికి అది మొదటి చూపులోనే తెలిసిపోతుంది. ఆ ఆల్బమ్ వాళ్లింట్లో యాభయ్యేళ్లు ఉంటుంది, ఆ చెంప ఆమెదే అయి ఉండాలి.

వాడక తప్పకపోతే వేరే లేయర్ మీద వాడి, 200 శాతం జూమ్‌లో లేయర్ ఆన్ ఆఫ్ చేస్తూ నగ నగా పోల్చుకోండి.

#16 వార్తాచిత్రం

తీసెయ్యడమే కుదరని చోటు ఒకటుంది, ఎవరూ ప్రస్తావించలేదు. వార్తాచిత్రాలు. వరల్డ్ ప్రెస్ ఫొటో నియమాల్లోనూ, అసోసియేటెడ్ ప్రెస్ నియమాల్లోనూ సెన్సర్ మీది దుమ్ము, స్కాన్ చేసిన నెగెటివ్ మీది గీతలు తీసుకోవచ్చని ఉంది. ఘోస్ట్ ఆ కోవలోకి రాదు. అది దృశ్యం నుంచి వచ్చిన వెలుగే. క్లోన్ చేస్తే దృశ్యాన్ని మార్చినట్టు. పత్రికకి పంపేవాళ్లు, పోటీకి పంపేవాళ్లు క్రాప్‌తో తప్పించుకోవాలి, లేదంటే వేరే ఫ్రేము పంపాలి.

తీస్తే నష్టపోయే ఘోస్ట్ కూడా ఒకటుంది. 2022 అక్టోబర్ 25 సాయంత్రం హైదరాబాద్‌లో పాక్షిక సూర్యగ్రహణం కనబడింది. అలాంటప్పుడు ఫోన్‌తో సూర్యుణ్ని తీస్తే సూర్యుడున్నచోట తెల్లటి ముద్ద తప్ప ఏమీ రాదు. అవతలి మూలలో చిన్న ఘోస్ట్ చుక్కని జూమ్ చేస్తే మాత్రం కొరికిన రొట్టెలా గ్రహణం ఆకారం, తలకిందులుగా, స్పష్టంగా ఉంటుంది. ఘోస్ట్ అసలు వెలుగులో అతికొద్ది భాగమే కాబట్టి అక్కడ సెన్సర్ నిండిపోదు. గ్రహణాన్ని పట్టింది ఆ మచ్చే. ఆప్టికల్ వ్యూఫైండర్లో కన్నుపెట్టి మాత్రం సూర్యుణ్ని చూడకూడదు, కన్ను పోతుంది.

#17 రంగులరాట్నం

పొద్దుపొడుపు గారూ, ముక్కుపుడక మాట ఒప్పుకుంటున్నాను. ఇంకోటి అడుగుతాను. కొందరు పెళ్లివారు ఫ్లేర్ లేని ఫొటోలో కూడా వేసిమ్మంటున్నారు. వెయ్యొచ్చా?

#18 అచ్చుపని

వేస్తే లెక్కప్రకారం వెయ్యాలి. నీడలు ఎటు పడుతున్నాయో చూసి వెలుగు అటు నుంచే రావాలి. ముక్కు నీడ కుడికి పడుతుంటే కుడిమూలలో సూర్యుణ్ని పెట్టకూడదు. జుట్టు అంచు మీద మెరుపు లేకపోతే వెనక నుంచి వెలుగు వచ్చిందంటే ఎవరూ నమ్మరు.

ఫొటోషాప్‌లో నల్లరంగు నింపిన కొత్త లేయర్ మీద ఫిల్టర్, రెండర్, లెన్స్ ఫ్లేర్ వేసి, లేయర్ మోడ్ స్క్రీన్ పెట్టండి. అప్పుడు ఎక్కువ తక్కువలు తర్వాత మార్చుకోవచ్చు. నేరుగా ఫొటో మీద వేస్తే వెనక్కి రాలేరు. ఆ ఫిల్టర్ వేసే గుండ్రటి ఘోస్ట్‌ల వరస చాలామందికి కంఠతా వచ్చు, వాటిని మాస్క్‌తో కప్పేసి మూలలో వెలుగు మాత్రం ఉంచండి. దాని కాంతి కింద ముఖం నీడల్ని కూడా కొద్దిగా పైకెత్తాలి, లేకపోతే ఫ్లేర్ ఫొటో మీద స్టిక్కర్ అంటించినట్టుంటుంది.

పాత హీలియోస్ 44-2 లాంటి 58 మి.మీ. లెన్సులు అడాప్టర్‌తో పెట్టి తీసేవాళ్లు ఉన్నారు. ఆ ఫ్లేర్ నిజమైనది. ఇష్టమున్నవాళ్లకి ఆ దారే మేలు.

#19 తూర్పుగట్టు

ఇంతవరకు చేసింది చెబుతాను.

మొదటి ఫ్రేము: పొగ ఉంచాను. డీహేజ్ 6, జంట మీద మాస్క్, సూర్యుడి వైపు అంచులు చెరిపాను. ముక్క అచ్చులో 20 బాగా గట్టిగా, 30 వెలిసినట్టు వచ్చాయి. 24 దగ్గర ఆగాను. ఒక్క పేజీకే పెడుతున్నాను.

రెండోది: చెంప మీద కర్వ్స్. నా అంకెలు వేరే, గ్రీన్‌లో తేడా 22. ఫెదర్ 7. పుట్టుమచ్చ, నూగు అలాగే ఉన్నాయి. ఇసుక మీది ఊదా మచ్చలు తీసెయ్యలేదు, సాచురేషన్ −60 చేశాను.

మూడోది: చుక్కలు ఒక్కొక్కటిగా కర్వ్స్‌తో తీస్తున్నాను, ముఖాలు కదా. పదకొండుకి పదకొండు మాస్కులు గీయడం చాలా సమయం పడుతోంది.

ఇసుక మచ్చల గురించి ఇంకా అనుమానంగా ఉంది.

#20 పొద్దుపొడుపు

ఫొటోని స్క్రీన్ మీద అగ్గిపెట్టంత చేసి చూడండి. కన్ను మొదట ముఖానికి పోయి అక్కడే నిలిస్తే ఇసుకవి ఉంచండి. ఒక్కసారైనా ఇసుకలోకి జారితే తీసెయ్యండి. ఇసుకలో హీలింగ్ బ్రష్ తప్పు కాదు.

#21 నీడపట్టు

అన్నా, మాస్కులు గీయకు. లైట్ల నుంచే మాస్క్ తయారైతది.

క్రాప్ లేని ఫైలు మీద లేయర్ డూప్లికేట్ చెయ్యి. ఇమేజ్, అడ్జస్ట్‌మెంట్స్, థ్రెషోల్డ్ 245 పెడితే లైట్లు తప్ప అంత నల్లగైతది. తెల్ల బట్టలు మిగిలితే నల్ల బ్రష్‌తోటి కొట్టేయి. ఆ లేయర్‌ను 180 తిప్పు. తెల్ల చుక్కలు ఇప్పుడు ఘోస్ట్‌ల మీద ఉంటయి. ఫ్రేము అంచుల కాడ నాలుగైదు పిక్సెళ్లు తప్పితే మూవ్ టూల్‌తోటి జరుపు. ఫిల్టర్, అదర్, మాగ్జిమమ్ 3, తర్వాత గాసియన్ బ్లర్ 2. చానల్స్ ప్యానెల్‌ల కంట్రోల్ పట్టుకొని ఆర్‌జీబీ మీద నొక్కితే సెలెక్షన్ వస్తది. ఆ లేయర్ కన్ను ఆర్పి, కింది లేయర్ మీద కర్వ్స్ వెయ్యి, మాస్క్ దానంతట అదే పడ్తది.

లైట్ల రంగును బట్టి చుక్క రంగు మారుతది. నీలంవి ఒక కర్వ్స్, పచ్చవి ఒక కర్వ్స్, రెండిట్ల అయిపోతది.

#22 తూర్పుగట్టు

పనిచేసింది. అంచు దగ్గర రెండు చుక్కలు మాత్రం చేత్తో జరపాల్సి వచ్చింది. ఒక పెద్దాయన కళ్లజోడు మీద పడ్డ చుక్క 255 తాకింది, పక్క ఫ్రేము నుంచి కళ్లజోడు తెచ్చి కలిపాను. ఇసుకలో ఊదా మచ్చల్లో ముందుది తీసేశాను, వెనకది ఉంచాను.